చెట్టు ఒకటికి ఎలా వెళ్తుంది?

రాత్రి గడ్డకట్టే చలి, పగలు కాస్త ఎండ. ఈ రెండూ కలిసొచ్చే మార్చి రోజుల్లోనే ఇక్కడ మేపుల్ చెట్లు రసం కారుస్తాయి. మేముండేది బోస్టన్ శివార్లలో. మా పదేళ్లవాడికి బడిలో మొక్కల్లో, జంతువుల్లో రవాణా, విసర్జన పాఠం మొదలైంది. కళ్లతో చూస్తే బుర్రకెక్కుతుందని న్యూహాంప్‌షైర్‌లో ఒక మేపుల్ తోటకు తీసుకెళ్లాను.

మానుకు బెజ్జం పెట్టి చిన్న గొట్టం దిగ్గొట్టారు, కింద బకెట్టు తగిలించారు. వాడు ఒక చుక్క నాకి, "ఇది ఉత్త నీళ్లు నాన్నా" అన్నాడు. నిజమే, అందులో చక్కెర 2 శాతమే. 40 లీటర్లు కాచితే 1 లీటరు పాకం దిగుతుంది.

ఇక నాలో మాస్టారు నిద్రలేచాడు. నీటిని పైకి తీసుకెళ్లేది దారువు, ఆకుల్లో తయారైన ఆహారాన్ని మోసేది పోషక కణజాలం... భువనగిరి దగ్గర మా ఊరి బళ్లో బట్టీ పట్టిన మాటలు. జైలం, ఫ్లోయం అన్న పేర్లు నాకు ఇంటర్‌లో గానీ తెలియవు. వాడు మర్యాదగా విన్నాడు. అంటే, వినలేదు.

అప్పుడే అమ్మ వీడియో కాల్ చేసింది. బకెట్టు చూసి, "గదేందిరా, లొట్టి నడుముకు కట్టిండ్రు? తాటిచెట్టుకైతే పైన గెలకు కడ్తరు గద" అంది.

పాఠమంతా ఆ ప్రశ్నలోనే ఉంది. మార్చిలో మేపుల్‌కు ఆకే ఉండదు. నిరుడు ఎండాకాలం చేసుకున్న పిండిపదార్థం మానులో దాగి ఉంటుంది. చలికి అది చక్కెరగా మారి దారువులోని నీటిలో కలుస్తుంది. గడ్డకట్టడం, కరగడం వల్ల పుట్టే ఒత్తిడికి బెజ్జంలోంచి కారుతుంది. తాటిచెట్టు సంగతి వేరు. ఆకులు వండిన చక్కెర పోషక కణజాలం గుండా గెలకు పోతుంటే, గీతకార్మికుడు మోకు, ముత్తాదుతో పైకెక్కి గెల కొసను రోజూ సన్నగా చెక్కుతాడు. కాయలకు చేరాల్సింది లొట్టిలో పడుతుంది. అందుకే పొద్దున్నే దించిన నీరా కాచకుండానే తియ్యగా ఉంటుంది.

"ఓ! ఇక్కడ చెట్టు ఫ్రిజ్‌లోంచి తీస్తున్నారు, అక్కడ పిల్లల క్యారియర్ కొట్టేస్తున్నారు" అన్నాడు మావాడు. నేను ఇంత బాగా ఎప్పుడూ చెప్పలేదు.

ఆ ఊపులో ఫోన్ లాక్కున్నాడు. "నానమ్మా, చెట్టు ఒకటికి ఎలా వెళ్తుంది?"

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "తుమ్మబంక జూడలేదా బిడ్డా? జిల్లేడు పాలు? ఆకు రాలుతది, బెరడు ఊడుతది. గదే."

పుస్తకంలో ఉన్నదీ దాదాపు ఇంతే. చెట్లకు మూత్రపిండాలు లేవు. వ్యర్థాలను ఆకుల్లో, బెరడులో, పండ్లలో చేర్చి వదిలించుకుంటాయి.

తిరుగు దారిలో మూత్రపిండాల లెక్క చెప్పాను. రెండూ కలిసి రోజుకు దాదాపు 180 లీటర్లు వడగడతాయి, బయటికొచ్చేది సుమారు లీటరున్నర. "అంటే 120కి 1! మేపుల్ పాకం కంటే చిక్కన!" అని వెనక సీట్లోంచి కేక. లెక్క సరే గానీ, పని తిరగేసి ఉందన్నాను. పాకంవాళ్లు నీళ్లు వదిలేసి తీపి ఉంచుకుంటారు. మూత్రపిండాలు తీపినీ, నీళ్లలో చాలాభాగాన్నీ తిరిగి రక్తంలోకి పంపి, యూరియాను తోసేస్తాయి. చెట్టూ అంతే, ఆకు రాల్చే ముందు నత్రజనిలాంటి పనికొచ్చే సరుకును వెనక్కి లాక్కుంటుంది.

మా ఫ్రిజ్ తలుపు మీద ఆరు నెలలుగా నేను అంటించిన తెలుగు మాటల పట్టిక ఉంది. వాడు దాని మొహం చూసింది లేదు. ఆ రాత్రి అడుగున వంకర అక్షరాలతో రెండు మాటలు చేరాయి: లొట్టి, బంక.

అక్టోబరులో పెరడంతా ఆకులు. రేక్ చేతికిచ్చి ఊడ్చమన్నాను. వాడు చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "నేను ముట్టుకోను. అదేంటో నానమ్మ చెప్పింది కదా!"