గునపం మీద తప్పు తేదీ

హార్వర్డ్ మెడికల్ స్కూల్‌ వారెన్ అనాటమికల్ మ్యూజియంలో గునపంలాంటి ఇనుప కడ్డీ ఒకటుంది. పొడవు 3 అడుగుల 7 అంగుళాలు, మందం అంగుళంపావు, బరువు దాదాపు 6 కిలోలు. 1848 సెప్టెంబర్ 13న అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రం కావెండిష్ దగ్గర, రైలు దారి కోసం బండ పేల్చేచోట పేలుడు మందు ముందే అంటుకుంది. ఆ మందు కూరే ఈ కడ్డీ ఫినియస్ గేజ్ అనే మేస్త్రీ ఎడమ చెంపలోంచి దూరి నడినెత్తిన బయటికొచ్చింది. మనిషి బతికాడు.

కడ్డీ మీద చెక్కింది చదివితే తేదీ సెప్టెంబర్ 14 అని కనిపిస్తుంది. పూర్తిగా కోలుకున్నాడనీ ఉంటుంది. వైద్యం చేసిన జాన్ హార్లో 1868లో రాసింది వేరు: మనిషి తీరు ఎంత మారిందంటే, ఎరిగినవాళ్లు ఇతను మన గేజ్ కాదన్నారు. ఇనుము మీద చెక్కినంత మాత్రాన లేబుల్ నిజమైపోదు.

మ్యూజియం మొదలైంది 1847లో. జాన్ కాలిన్స్ వారెన్ పాఠాలు చెప్పడం మానేస్తూ తన సేకరణంతా కాలేజీకి ఇచ్చేశాడు. 1846లో ఈథర్ మత్తు మీద బహిరంగంగా ఆపరేషన్ చేసిన సర్జన్ ఈయనే. చివరికి తన అస్థిపంజరాన్ని కూడా మ్యూజియానికే రాసిచ్చాడు.

అవయవాలు కుళ్లకుండా దాచే ఫార్మలిన్ అనే రసాయన ద్రవం అప్పటికి లేదు, స్పిరిటే (ఆల్కహాల్) గతి. స్పెసిమెన్‌ను, అంటే దాచాల్సిన అవయవాన్ని, దారంతో వేలాడదీసి, జాడీ మూతికి తడి పంది మూత్రాశయపు పొర బిగించి కట్టేవారు. దానిపై సీసపు రేకు, ఆపైన ఇంకో పొర, నల్ల వార్నిష్. ఎంత బిగించినా స్పిరిట్ ఆవిరవుతూనే ఉంటుంది. మట్టం దిగి పైకి తేలిన భాగం ఎండితే గోధుమరంగుకు తిరిగి ముడుచుకుపోతుంది. మళ్లీ స్పిరిట్ పోసినా పాత రూపం రాదు.

1893లో బ్లూమ్ అనే జర్మన్ వైద్యుడు ఫార్మలిన్‌కున్న ఈ గుణం కనిపెట్టాక పని తేలికైంది, కొత్త తప్పులూ వచ్చాయి. కొట్లో దొరికే ఫార్మలిన్ ఒక పాలు, నీళ్లు తొమ్మిది పాళ్లు. ద్రవం కండ కంటే కనీసం పదింతలుండాలి. అది లోపలికి చాలా నెమ్మదిగా ఇంకుతుంది, అందుకే లివర్‌ను ముక్క కోయకుండా వేస్తే పైన గట్టిపడి నడుమ కుళ్లుతుంది. మెదడును అడుగున పెడితే చదునవుతుంది. మెదడు అడుగునుండే బేసిలార్ ధమని (రక్తనాళం) కింద దారం దూర్చి, తలకిందులుగా రెండు వారాలు వేలాడదీయాలి. బఫర్ (ఆమ్లగుణం పెరగకుండా ఆపే లవణం) కలపకపోతే ఫార్మలిన్ ఆమ్లంగా మారి, ఎముకలోని కాల్షియం తినేస్తుంది. రంగు కావాలంటే కైసర్లింగ్ పద్ధతి: ఫిక్స్ చేశాక, అంటే కండ కుళ్లకుండా గట్టిపరిచాక, 80 శాతం స్పిరిట్‌లో రంగు తేలేదాకా కనిపెట్టుకుని ఉండి, వెంటనే గ్లిసరిన్, పొటాషియం అసిటేట్ ద్రవంలోకి మార్చాలి. స్పిరిట్‌లో ఎక్కువసేపు ఉంచితే వచ్చిన రంగు పోతుంది, ఇక రాదు.

నంబరు మాత్రం మూత మీద రాయకూడదు. జాడీలు కడిగే రోజు మూతలు తారుమారవుతాయి. నంబరు బిళ్లను స్పెసిమెన్‌కే కట్టాలి, అదే నంబరు కేటలాగులో ఉండాలి. వారెన్ మ్యూజియానికి ఆ పని చేసిపెట్టింది జె.బి.ఎస్. జాక్సన్, 1870లో ఆయన వివరమైన కేటలాగు అచ్చయింది.

గేజ్ 1860లో పోయాడు. మెదడును ఎవరూ పరీక్షించలేదు. తర్వాత సమాధి తవ్వించి, పుర్రెనూ కడ్డీనీ హార్లో మ్యూజియానికి ఇచ్చాడు. ఆ పుర్రెను కొలిచి 1994లో ఒక బృందం మెదడు ముందు భాగాలైన ఫ్రాంటల్ లోబులు రెండూ దెబ్బతిన్నాయంది. 2004లో పుర్రెకు సీటీ స్కాన్ తీసినవాళ్లు ఎడమదొక్కటే అన్నారు.