గ్రంథాలయం పాత ఫొటోలు ఫ్లికర్‌లోకి: నా అనుభవం

హైదరాబాద్‌లో మా గ్రంథాలయం బీరువాలోని పాత ఫొటోలను ఫ్లికర్ అనే ఫొటోల వెబ్‌సైట్‌లో పెట్టడం నేర్చుకున్నప్పుడు ఎక్కువ రోజులు పట్టింది అప్‌లోడ్‌కి కాదు, ఏ ఫొటో ఎవరిదో తేల్చడానికి. అకౌంట్ తెరవకముందే ఆ పని మొదలుపెట్టడం మంచిది.

మన చట్టం ప్రకారం, 2012 సవరణ తర్వాత, ఫొటోకి తీసినవారి జీవితకాలమంతా, వాళ్లు పోయిన ఏడాది గడిచాక మరో 60 ఏళ్లు కాపీరైట్ ఉంటుంది. కాబట్టి 1960 నాటి సావనీర్‌లో వచ్చిన ఫొటో అయినా, అచ్చయిన ఏడాదిని బట్టే గడువు తీరిందనుకోకూడదు. వార్షికోత్సవానికి గ్రంథాలయమే డబ్బిచ్చి స్టూడియోవాళ్లతో తీయించిన ఫొటో అయితే, వేరే ఒప్పందమేదీ లేనప్పుడు, తొలి హక్కుదారు గ్రంథాలయమే. అందుకే పాత ఓచర్ల కట్ట విప్పక తప్పదు. పాఠకులు తెచ్చి ఇచ్చినవాటి సంగతి వేరు. ఫొటో మన చేతికొచ్చినంత మాత్రాన హక్కు రాదు. తీసిందెవరో అడిగి, హక్కున్నవాళ్ల దగ్గర కాగితం మీద అనుమతి తీసుకోవాలి.

4×6 అంగుళాల ఫొటోని 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) స్కాన్ చేస్తే 2400×3600 పిక్సెళ్లు వస్తాయి. రంగుల్లో టిఫ్ ఫైలు, అంటే కుదించని పూర్తి కాపీ, సుమారు 26 ఎంబీ. దాన్ని హార్డ్ డిస్క్‌లో భద్రపరిచి, జేపెగ్ కాపీని ఎక్కించాలి. ఆల్బమ్ జిగురు కాగితానికి అతుక్కున్న ఫొటోని లాగొద్దు, పై పొర ఊడొస్తుంది. పేజీతో సహా స్కాన్ చేయండి.

వెనకవైపు కూడా తప్పకుండా స్కాన్ చేయాలి. ఒకదాని వెనక పెన్సిల్‌తో ‘అసఫియా మెట్లు’ అని మాత్రమే ఉంది. అసఫియా అంటే 1891లో మొదలైన, ఇప్పటి అఫ్జల్‌గంజ్ రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం. వెతికేవాళ్లు ఏ పేరుతో వెతుకుతారో చెప్పలేం కాబట్టి పాత పేరు, కొత్త పేరు, పేట పేరు మూడూ తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ట్యాగులుగా ఇచ్చాం. ట్యాగుల్లేని ఫొటో మళ్లీ బీరువాలో పెట్టినట్టే.

కంప్యూటర్‌లో తయారైన తర్వాతి సావనీర్ల ఫైళ్లలో క్యాప్షన్లు ‘అను’ అనే డీటీపీ ఫాంట్‌లో ఉన్నాయి. నేరుగా కాపీ చేస్తే అర్థంలేని గుర్తులు పడతాయి, ఎందుకంటే అది అన్ని కంప్యూటర్లూ చదవగలిగే యూనికోడ్ కాదు. కన్వర్టర్‌లో మార్చాక కూడా వత్తులు సరిచూసుకోవాలి.

ఉచిత అకౌంట్‌లో మొత్తం 1000 ఫొటోలు పెట్టొచ్చు. అందులో పబ్లిక్ కానివి 50 మించకూడదు. ‘అన్నీ ప్రైవేట్‌గా పెట్టి తర్వాత సరిచూద్దాం’ అనుకుంటే 50 దగ్గరే ఆగిపోతాం. సరిచూసుకోవడం కంప్యూటర్‌లోనే ముగించి, పాతికేసి చొప్పున ఎక్కించడం మేలు.

లైసెన్స్ మనం మార్చకపోతే ‘సర్వహక్కులు’ అనే ఉండిపోతుంది. గడువు తీరినవాటికి, కాపీరైట్ లేదని చెప్పే పబ్లిక్ డొమైన్ గుర్తు ఎంచుకోవాలి. ‘తెలిసిన కాపీరైట్ ఆంక్షలు లేవు’ అన్న గుర్తు మాత్రం ఫ్లికర్ కామన్స్‌లో (గ్రంథాలయాలు, మ్యూజియంల పాత ఫొటోల కోసం 2008లో మొదలైన విభాగం) చేరిన సంస్థలకే దొరుకుతుంది.

ఫోన్‌తో తీసిన కొత్త ఫొటోల్లో లొకేషన్ కూడా దాగి ఉంటుంది. పిల్లల విభాగంలో తీసినవైతే దాన్ని తీసేసి, తల్లిదండ్రుల అనుమతి ఉన్నవే పెడుతున్నాం.