నెబ్రాస్కాలో కరెంటు కోత

అమెరికాలోనూ పొలం మోటార్లకు కరెంటు తీసేస్తారంటే మా నాయన నమ్మలేదు. "నా మనసు కుదుటపడాలని చెప్తాండావు" అన్నాడు. నిజంగానే తీసేస్తారు. జులై సాయంత్రాల్లో ఊళ్లలో ఏసీలన్నీ ఒక్కసారి నడుస్తుంటే లోడు తగ్గించడానికి ముందు ఆపేది మోటార్లనే. కాకపోతే ఇది రైతు ముందే ఒప్పుకుని సంతకం పెట్టిన కోత. అందుకు బదులు బిల్లు తగ్గుతుంది. ఆ మోటార్లను ఫోన్‌లోంచి నడిపే సాఫ్ట్‌వేర్ మీద నా ఉద్యోగం. కోత ఎత్తేశాక మోటారు మళ్లీ ఆన్ కాకపోతే, అర్ధరాత్రయినా ఫోను నాకే వస్తుంది.

ఉండేది నెబ్రాస్కా రాష్ట్రంలోని కార్నీ అనే ఊళ్లో. కందిపప్పు, కరివేపాకు కావాలంటే ఇంటర్‌స్టేట్ 80 హైవే మీద మూడు గంటలు కారు నడిపి ఒమాహా నగరానికి పోవాలి. విస్తీర్ణంలో నెబ్రాస్కా ఆంధ్రప్రదేశ్ కంటే పెద్దది. జనం మాత్రం 2020 లెక్కల్లో 20 లక్షలు కూడా లేరు. పశువులు అంతకు మూడింతల పైనే.

దారి పొడవునా బల్లపరుపుగా కనిపిస్తుంది గానీ నేల పడమరకు ఎక్కుతూనే ఉంటుంది. ఆగ్నేయ మూలన 840 అడుగులుంటే, పడమటి సరిహద్దు దగ్గర 5,424. వాన మాత్రం అటు పోయేకొద్దీ తగ్గుతుంది. తూర్పున ఏడాదికి 30 అంగుళాలు, పడమటి కొసన 15 దాకా. అంటే మా అనంతపురం కంటే తక్కువ. అయినా అమెరికాలో ఎక్కువ ఎకరాలకు సాగునీరు పెట్టే రాష్ట్రం ఇదే. కారణం కింద ఉన్న ఒగలాలా భూగర్భ జలం. ఉత్తరాన వేల చదరపు మైళ్ల ఇసుకదిబ్బలు గడ్డి కప్పుకుని ఉంటాయి. పడ్డ వాన పారకుండా అక్కడే ఇంకిపోతుంది. ఆ దిబ్బల్ని దున్నరు, పశువుల్ని మేపుతారు.

మిగతా చోట్ల సెంటర్ పివట్లు. చక్రాల టవర్ల మీద పావు మైలు పొడవు పైపు, పొలం మధ్య నుంచి గడియారం ముల్లులా తిరుగుతుంది. 160 ఎకరాల చదరంలో 130 తడుస్తాయి, మూలలు ఎండుతాయి. ఏ టవరు చక్రమైనా బురదలో దిగబడితే, పైపు వంగకముందే సేఫ్టీ స్విచ్ మొత్తం లైన్‌ను ఆపేస్తుంది. ఆఫీసులో నాకది స్క్రీన్ మీద ఎర్ర చుక్క. ఒకసారి ఒక రైతుతో పొలంలోకి వెళ్లాను. మొక్కజొన్న తలకు పైన, గాలి ఆడదు, ఆకులు వదిలే తేమకు చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. డెబ్బై దాటిన ఆ పెద్దాయన పార పట్టుకుని చక్రం ముందు మట్టి తీస్తుంటే, నేను ఫోన్‌లో టార్చి పట్టుకుని నిలబడ్డాను. చలికాలంలో పైపుల్లో నీళ్లన్నీ బయటికి వదిలేసి పివట్లను పక్కన నిలిపేస్తారు, లేకపోతే గడ్డకట్టి పగులుతాయి.

ఇక్కడ కరెంటు సంస్థలన్నీ ప్రజలవే. ఇళ్లకు, పొలాలకు కరెంటిచ్చే ప్రైవేటు కంపెనీ ఒక్కటీ లేని రాష్ట్రం దేశంలో ఇదొక్కటే. సోషలిజం మాటెత్తితే మండిపడే రైతులు దీన్ని మాత్రం వదులుకోరు. భూగర్భ జలాన్ని చూసుకునేవీ 1972లో వచ్చిన 'సహజ వనరుల జిల్లాలు' అనే స్థానిక సంస్థలే. మొత్తం 23, వాటి బోర్డులకు ఎన్నికలుంటాయి. నీటి ఎద్దడి ఉన్న చోట్ల బోరుకు మీటరు బిగిస్తారు, కొన్నేళ్లకు కలిపి ఎకరాకు ఇన్ని అంగుళాలని వాటా ఇస్తారు. మన వైపు బోరు మీద బోరు వేసి అప్పుల పాలైనవాళ్లను చూసిన నాకు, ఇక్కడి డబ్బు కంటే ఈ ఏర్పాటే పెద్ద సంగతి అనిపిస్తుంది. నీరు, నేల, చెట్లను కాపాడే వాల్టా చట్టం మనకూ 2002 నుంచి ఉంది మరి.

నాయన అడిగాడు: "వాటా అయిపోయినాక పంట ఎండతాంటే?"

"ఆపాల్సిందే నాయనా. అందుకే ఆగస్టులో మిగిలిన అంగుళాలు లెక్కేసుకుని, వాన వచ్చేటట్టుంటే ఒక చుట్టు ఎగ్గొడతారు."

"రాత్రిపూట ఆన్ చేసుకుంటే ఎవరికి తెలుస్తది?"

"మీటరుకు తెలుస్తది. హద్దు దాటితే వచ్చే వాటాలో కోస్తారు."

"ఆ మీటరు మనూళ్లో ఎన్నాళ్లు ఉంటుందనుకుంటాండావు?" అన్నాడు.