రేస్ ట్రాక్ కోసం పాత మియాటాను సిద్ధం చేసుకోవడం: నా అనుభవం

సొంత కారును రేస్ ట్రాక్ మీద నడపాలనుకునే మిత్రులు నన్ను మొదట అడిగే ప్రశ్న ఇంజిన్ శక్తిని ఎంత పెంచారన్నదే. నేనేమీ పెంచలేదు. నా దగ్గరున్నది 1999 నాటి మాజ్దా మియాటా. 1989లో మొదలైన ఆ శ్రేణిలో ఇది రెండో తరం బండి. రెండే సీట్లు, మడిచేసే పైకప్పు, 140 హార్స్‌పవర్ ఇచ్చే 1.8 లీటర్ల ఇంజిన్, సుమారు 1,050 కిలోల బరువు. కాలిఫోర్నియాలో శాన్ ఫ్రాన్సిస్కో బే ఏరియాలో ఉంటున్న నాకు విల్లోస్ దగ్గరి థండర్‌హిల్, మాంటెరే దగ్గరి లగూనా సెకా అనే రేస్ ట్రాక్‌లు రెండూ తెల్లవారుజామున బయలుదేరితే అందే దూరంలోనే ఉన్నాయి. నేను వెళ్లేది పోటీలకు కాదు. అనుభవాన్ని బట్టి డ్రైవర్లను బృందాలుగా విడదీసి, కొత్తవాళ్ల పక్కన శిక్షకులను కూర్చోబెట్టి, విడతకు ఇరవై నిమిషాల చొప్పున నడపనిచ్చే శిక్షణ దినాలకు. ఆ ఇరవై నిమిషాలు ఈ బండి క్షేమంగా తట్టుకోవాలంటే ఏయే పని ఏ వరుసలో చేయాలో నేను తెలుసుకున్న తీరును ఇక్కడ రాస్తున్నాను.

మొదట చేయించినది రోల్ బార్. పైకప్పు లేని బండి తిరగబడితే ముందు అద్దం చట్రాన్ని నమ్ముకోలేము కాబట్టి, సీట్ల వెనక బోల్టులతో బిగించే ఉక్కు కమాను లేనిదే ఇటువంటి బండిని నిర్వాహకులు ట్రాక్ మీదికి రానివ్వరు. కమాను ఉంటే సరిపోదు, ఎత్తు కూడా సరిపోవాలి: కమాను పైఅంచు మీదా ముందు అద్దం పైఅంచు మీదా ఒక చీపురు కర్రను ఆనించి, హెల్మెట్ పెట్టుకుని కూర్చున్న మనిషి తల ఆ కర్రకు కిందుగా ఉందో లేదో చూస్తారు. నేను కొంచెం పొడగరిని. సీటు తొడుగు విప్పి లోపలి ఫోమ్‌ను కొంత కోసి తీసేయడంతో తల ఆ గీత కిందికి దిగింది. భుజాల మీదుగా బిగించే రేసింగ్ బెల్టులు మాత్రం వేయించలేదు. మెడను కాపాడే పరికరం, దానికి తగ్గ సీటు లేకుండా బెల్టులు ఒక్కటే మార్చడం సగం పని అవుతుందని, పూర్తిగా చేయగలిగేదాకా బండితో వచ్చిన మూడు బిందువుల బెల్టే మేలని నా అభిప్రాయం.

తరువాత బ్రేకులు. నా ఖర్చులోనూ నా శ్రద్ధలోనూ పెద్ద వాటా వీటిదే. గంటకు 160 కిలోమీటర్ల వేగాన్ని 80కి దించితే వేగం సగమే తగ్గినట్టు కనిపిస్తుంది గానీ, చలన శక్తి వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి అందులో నాలుగింట మూడు వంతులు ఆ కొద్ది క్షణాల్లోనే చక్రాలతో తిరిగే డిస్కులకూ వాటిని నొక్కి పట్టే ప్యాడ్లకూ వేడిగా చేరుతుంది. ఊళ్లో ఎప్పుడో ఒకసారి జరిగే ఆ పని ట్రాక్ మీద ప్రతి చుట్టులోనూ పలుమార్లు జరుగుతుంది, నడుమ చల్లారే వ్యవధి ఉండదు. గుంటూరు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడి, నాకంటే ఎన్నో ఏళ్ల ముందు నుంచీ ట్రాక్‌కు వెళ్తున్న ఒక అన్నగారు నాకు చెప్పిన మొదటి పాఠం ఇదే: "తమ్ముడూ, పెడల్ ఏం చెబుతోందో కనిపెట్టు. పెడల్ గట్టిగా ఉండీ బండి ఆగకపోతే ప్యాడ్లు వేడెక్కాయని. మెత్తబడి లోపలికి దిగిపోతుంటే ఫ్లూయిడ్ మరిగిందని. మొదటిదైతే వేగం తగ్గించుకుని మెల్లగా వచ్చెయ్యొచ్చు, రెండోది మాత్రం చెప్పి రాదు."

పెడల్ ఒత్తిడిని చక్రాల దాకా చేర్చే ద్రవమైన బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, తేమ చేరినకొద్దీ తక్కువ వేడికే మరుగుతుంది. మరిగితే గొట్టాల్లో ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవంలా కాక ఆవిరి నొక్కుకుపోతుంది కాబట్టి పెడల్ ఎంత తొక్కినా ఒత్తిడి చక్రం దాకా చేరదు. బ్రేక్ ఫ్లూయిడ్లకు పెట్టిన డాట్ 4 అనే ప్రమాణం ప్రకారం కొత్త ఫ్లూయిడ్ కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా, తేమ చేరినది కనీసం 155 డిగ్రీల దాకా మరగకుండా ఉండాలి. నేను వాడే మోతుల్ ఆర్‌బీఎఫ్ 600 కొత్తగా ఉన్నప్పుడు 312 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. మా ఆవిడ పెడల్ తొక్కి పట్టుకుంటే నేను కింద కూర్చుని, పెడల్‌కు అన్నిటికంటే దూరంగా ఉన్న కుడి వెనక చక్రంతో మొదలుపెట్టి, బుడగలు రావడం ఆగేదాకా పాత ఫ్లూయిడ్‌ను వదులుతాను. ప్యాడ్లు ట్రాక్ కోసం తయారైనవే వేశాను. అవి చల్లగా ఉన్నప్పుడు కీచుమంటాయి, చక్రాల మీద నల్లటి పొడి పేరుస్తాయి, అయినా వేడిలో పట్టు వదలవు. కొత్త ప్యాడ్లను నేరుగా ట్రాక్ మీదికి తీసుకుపోకూడదు. ఖాళీ రోడ్డు మీద వేగం నుంచి గట్టిగా తగ్గిస్తూ, పూర్తిగా ఆగకుండా, అలా వరుసగా చేసి ఆ పైన చల్లారనిస్తే ప్యాడు పదార్థం డిస్కు మీద సమంగా పట్టుకుంటుంది.

వేడికి సంబంధించిన రెండో సంగతి ఇంజిన్. ఈ ఇంజిన్ కుటుంబం మొదట ముందు చక్రాలను తిప్పే బండ్లలో అడ్డంగా అమర్చినది. మియాటా కోసం దాన్ని నిలువుగా తిప్పినప్పుడు ఇంజిన్‌ను చల్లబరిచే నీళ్లు బయటికి వచ్చే దారిని కూడా ముందు వైపుకే మార్చారు. అందువల్ల వెనక ఉన్న నాలుగో సిలిండర్ చుట్టూ ప్రవాహం తక్కువై, అది మిగతావాటికంటే వేడిగా నడుస్తుంది. ఇంతకంటే నన్ను కలవరపెట్టినది డాష్‌బోర్డు. ఉష్ణోగ్రత సూచిక విస్తారమైన పరిధిలో ముల్లును నడుమనే నిలిపి ఉంచుతుంది, ముల్లు కదిలేసరికే ఆలస్యమై ఉంటుంది. ఆయిల్ ఒత్తిడి సూచిక కూడా ఒత్తిడి ఉందో లేదో చెప్పేదే గానీ ఎంతుందో చెప్పేది కాదు. అందుకని నిజమైన అంకెలు చూపే సూచికలు రెండూ విడిగా పెట్టించి, ఆ తరువాతే మందమైన అల్యూమినియం రేడియేటర్ వేయించాను. బంపర్ కింద ఉండే ప్లాస్టిక్ పళ్లాన్ని బరువు తగ్గుతుందని చాలామంది తీసేస్తారు. గాలిని రేడియేటర్ వైపు మళ్లించేది అదే కాబట్టి నేను దాన్ని ఉంచడమే కాక, రేడియేటర్ పక్కన గాలి తప్పించుకునే సందులను ఫోమ్‌తో మూయించాను. అతి తక్కువ ఖర్చుతో అతి ఎక్కువ ఫలితమిచ్చిన పని అది.

సస్పెన్షన్‌కు బిల్‌స్టీన్ కంపెనీ డ్యాంపర్లు (స్ప్రింగుల ఊపును అణిచేవి), కొంచెం గట్టి స్ప్రింగులు సరిపోయాయి. అలైన్‌మెంట్‌లో, అంటే చక్రాల కోణాలు సరిచేయించేటప్పుడు, ముందు చక్రాల పైభాగాన్ని రెండు డిగ్రీలకు పైగా లోపలికి వంచమని చెప్పాను. మలుపులో బండి ఒరిగినప్పుడు బయటి టైరు తన బయటి అంచు మీద నిలబడుతుంది. ముందే లోపలికి వంచి ఉంచితే ఆ సమయానికి టైరు ముఖమంతా నేలకు ఆనుతుంది. ఇక్కడొక హెచ్చరిక చెప్పాలి. పట్టు ఎక్కువగా ఉండే టైర్లు వేయగానే బండి మారిపోయినట్టు అనిపిస్తుంది, కానీ ఆ పట్టు తెచ్చే భారాన్ని మరొక భాగం మోయాలి. వేగంగా మలుపులోకి వెళ్లగలిగితే బ్రేకులకు అదనపు వేడి, మలుపులో ఎక్కువ బలం నిలిస్తే ముందు చక్రాల హబ్ బేరింగులకు అదనపు ఒత్తిడి. ఈ బండిలో అవి గ్రీజు పెట్టుకోవడానికి వీల్లేకుండా హబ్‌తో కలిపి మూసేసినవి, అరిగితే మొత్తం మార్చడమే. అందుకే ప్రతిసారీ జాకీ మీద ఎత్తి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపి చూస్తాను. ఒకసారి కుడి వైపు కొద్దిగా కదలిక చేతికి తెలిసింది. రెండు వైపులా మార్చేదాకా ట్రాక్‌కు వెళ్లలేదు.

థండర్‌హిల్‌లో తనిఖీ కఠినంగానే ఉంటుంది, అలా ఉండడం నాకు నచ్చుతుంది. బ్యాటరీ కదలకుండా బిగించి ఉండాలి, ఎక్కడా కారకూడదు, బ్రేకు దీపాలు వెలగాలి, ప్యాడ్లు సగానికి పైగా మిగిలి ఉండాలి, చక్రాల నట్లు అన్నీ ఉండాలి, కాలి కింది పరుపులతో సహా లోపల విడిగా ఏ వస్తువూ ఉండకూడదు. 1993లో మొదలైన ఈ ట్రాక్‌లో తూర్పు వలయం సుమారు మూడు మైళ్లు, 15 మలుపులు. పొడవుగా సాగే రెండో మలుపు ఎడమ వైపు తిరుగుతుంది కాబట్టి కుడి ముందు టైరు అన్నిటికంటే ముందు వేడెక్కుతుంది. వెనక వైపు తిన్నని దారి చివర పద్నాలుగో మలుపు దగ్గర నేను బ్రేకుల మీద పెట్టిన ప్రతి డాలరూ పనికొచ్చింది. వేసవిలో శాక్రమెంటో లోయ ఎండ నలభై డిగ్రీలకు చేరువవుతుంది, అప్పుడు కొత్త సూచిక ముల్లు పైకి వెళ్తుంటే రెండు చుట్లు నెమ్మదిగా నడిపి దింపుకోగలిగాను. లగూనా సెకాలో ఇబ్బంది మరో రకం. అక్కడ శబ్ద పరిమితి కచ్చితంగా కొలుస్తారు, కంపెనీ సైలెన్సర్‌ను మార్చకపోవడం వల్ల దాని గురించి నాకు ఆలోచనే అవసరం లేకపోయింది.

విడత ముగిసి బయటికి వచ్చాక చేసే పనులు కూడా ఇప్పుడు అలవాటయ్యాయి. చివరి చుట్టు బ్రేకు దాదాపు తొక్కకుండా నడపాలి. నిలిపినప్పుడు హ్యాండ్ బ్రేకు వేయకూడదు. కాగుతున్న డిస్కును ప్యాడు ఒకే చోట పట్టుకుంటే అక్కడ మచ్చ పడుతుంది. బండిని గేరులో ఉంచి, చక్రాలకు అడ్డు చెక్కలు పెట్టి, బానెట్ తెరుస్తాను. టైర్లు వేడిగా ఉండగానే గాలి కొలిచి, ఉదయం చల్లగా ఉన్నప్పటికంటే ఎంత పెరిగిందో రాసుకుని, అదనంగా ఉన్నది వదిలేస్తాను. ఆయిల్ చూసుకుంటాను. చక్రాలు చల్లారాక నట్లను, బిగింపు బలాన్ని కొలిచే టార్క్ రెంచ్‌తో 80 ఫుట్ పౌండ్లకు సరిచూస్తాను. గేరు బాక్సు, డిఫరెన్షియల్ ఆయిళ్లను ఏటా మారుస్తాను, కంపెనీ చెప్పిన గడువు రోడ్డు వాడకానికి లెక్క కట్టినది గనుక. మామూలు బీమా పాలసీలు ట్రాక్ వాడకాన్ని సాధారణంగా మినహాయిస్తాయి కాబట్టి, మీ పాలసీలో ఆ వాక్యాన్ని వెతికి చదివి, అవసరమైతే ఆ రోజు వరకు విడిగా బీమా తీసుకోండి.

ఇంజిన్ కవాటాలను సరైన సమయానికి తెరిచి మూయించే, 60,000 మైళ్లకు ఒకసారి మార్చాల్సిన టైమింగ్ బెల్టు వంతు ఈ చలికాలంలో వస్తోంది. దానితోపాటు వాటర్ పంపునూ మార్చి, ముందు భాగం ఎలాగూ విప్పుతాము కాబట్టి, వేడి నీళ్లు ఇంజిన్ వెనక వైపు నుంచే బయటికి వెళ్లేలా గొట్టాల దారినీ మార్పించాలని నిర్ణయించుకున్నాను. నాలుగో సిలిండర్ సమస్యకు అసలైన పరిష్కారం అదే.