రాత్రి పూట కట్టుడు పళ్లు ఎక్కడుండాలి?

కట్టుడు పళ్లు వాడేవాళ్లు ఒకే ఒక్క అలవాటు చేసుకోవాలంటే అది రాత్రి సెట్టు తీసి పడుకోవడమే. మనవళ్లు బోసినోరు చూస్తారన్న మొహమాటంతో తీయనివాళ్లున్నారు. పొద్దున్నే మళ్లీ పెట్టుకోవడం ఎందుకులే అనుకునేవాళ్లూ ఉన్నారు. ఈ రెండూ ఆరోగ్యం కంటే పెద్దవి కావు.

పై సెట్టు అంగిలినంతా కప్పేస్తుంది. నిద్రలో లాలాజలం బాగా తగ్గుతుంది కాబట్టి సెట్టు కింద కాండిడా అనే ఫంగస్ పెరుగుతుంది. అంగిలి అచ్చు సెట్టు ఆకారంలోనే ఎర్రబారుతుంది. చాలామందికి నొప్పి ఉండదు, అందుకే ఎవరూ పట్టించుకోరు. పెదవుల మూలలు పగలడం కూడా దీంతోపాటు కనిపిస్తుంటుంది. షుగరు ఉన్నవాళ్లకు, ఆయాసానికి స్టెరాయిడ్ ఇన్‌హేలర్ పీల్చేవాళ్లకు ఈ బెడద ఎక్కువ. ఇన్‌హేలర్ వాడాక నోరు పుక్కిలించి ఉమ్మేయాలి. డాక్టరు మందిచ్చినా సెట్టు శుభ్రం చేయకపోతే ఫలితం నిలవదు, ఎందుకంటే ఫంగస్ సెట్టుకు కూడా పట్టి ఉంటుంది. ఇంకో సంగతి. జపాన్‌లో 85 ఏళ్లు దాటినవారి మీద చేసి 2015లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, పళ్లు పెట్టుకునే నిద్రపోయేవారికి నిమోనియా ముప్పు రెండు రెట్లకు పైగా కనిపించింది. ఇంట్లో మంచాన ఉన్న పెద్దవాళ్లుంటే ఈ పని కుటుంబమే చూసుకోవాలి.

తీసిన సెట్టును మూత ఉన్న డబ్బాలో, మునిగేలా మామూలు నీళ్లు పోసి ఉంచండి. నీళ్లు రోజూ మార్చాలి. అది అక్రిలిక్‌తో చేసింది కాబట్టి ఎండిపోతే ఆకారం మారుతుంది. మన తిరుపతిలో ఏప్రిల్, మే ఎండలకు అల్మారాలో ఊరికే పెట్టడం అసలు మంచిది కాదు. క్రిములు చస్తాయని మరిగే నీళ్లలో వేస్తే ఇంకా ప్రమాదం. ఒక్కసారి వంగిందంటే ఆ సెట్టు మళ్లీ చిగుళ్ల మీద సరిగ్గా కూర్చోదు.

కడిగేటప్పుడు బేసిన్‌లో సగం నీళ్లు నింపుకోండి, లేదా అడుగున తువ్వాలు పరచండి. చేయి జారితే విరగకుండా అదే కాపాడుతుంది. మెత్తటి బ్రష్షుతో, ఒక చుక్క గిన్నెలు తోమే లిక్విడ్‌తో లోపలా బయటా రుద్ది బాగా కడగాలి. చిగుళ్లకు తగిలే లోపలి వైపు ముఖ్యం, చాలామంది బయటి పళ్లు తోమి వదిలేస్తారు. టూత్‌పేస్టు, పళ్లపొడి, ఉప్పు, బొగ్గు వద్దు. అవి అక్రిలిక్‌ను గీరేస్తాయి, ఆ గీతల్లోనే పాచి దాక్కుంటుంది. తిన్నాక ప్రతిసారీ నీళ్లతో కడిగి పెట్టుకుంటే చాలు, బ్రష్షుతో తోమడం మాత్రం రాత్రి తప్పనిసరి. మందుల షాపులో దొరికే క్లీనింగ్ బిళ్లలు వాడితే పెట్టె మీద రాసినంత సేపే నానబెట్టి, కడిగాకే నోట్లో పెట్టుకోవాలి.

బోరు నీళ్లు ఉప్పగా ఉన్న ఇళ్లలో సెట్టు మీద తెల్లటి గార కడుతుంది. ఆకు వక్క వేసేవాళ్లకు అది ఎర్రగా మారుతుంది. కత్తితో గీకవద్దు. సగం తెల్ల వెనిగర్, సగం నీళ్లు కలిపి అరగంట నానబెట్టి తోమితే మెత్తబడుతుంది. పక్క పళ్లను పట్టుకునే లోహపు కమ్మీలున్న సెట్టయితే డాక్టరును అడిగాకే ఈ పని చేయండి. బ్లీచింగ్ నీళ్లయితే కమ్మీలకు అసలు పడవు, తుప్పు పడుతుంది.

సెట్టు తీశాక నోరూ తోమాలి. మెత్తటి బ్రష్షుతోగానీ తడి గుడ్డ వేలికి చుట్టుకునిగానీ చిగుళ్లు, నాలుక, అంగిలి తుడవండి. సొంత పళ్లు కొన్ని మిగిలి ఉంటే కమ్మీ పట్టుకున్న పన్నే ముందు పుచ్చుతుంది, దానికి ఫ్లోరైడ్ పేస్టు తప్పదు.

తిండి విషయంలో మనది అదృష్టమే. రాగి సంగటి నమిలే పని లేకుండా గొంతు దిగుతుంది. జాగ్రత్తంతా దానిలోకి పోసుకునే నాటుకోడి పులుసులోని చిన్న ఎముకలతోనే. చెనక్కాయల ఊరిబిండి బరకగా రుబ్బితే పలుకులు సెట్టు కిందికి పోయి చిగురును గుచ్చుతాయి, మెత్తగా రుబ్బమనండి. బెంగళూరా మామిడికాయను ముందు పళ్లతో కొరికితే సెట్టు వెనక వైపు లేస్తుంది. ముక్కలు కోసుకుని, రెండు వైపులా ఒకేసారి నమలాలి. శ్రీవారి లడ్డులో కలకండ పలుకు తగిలితే కొరక్కుండా చప్పరించండి.

తడి అద్దాలు రెండు ఒకదానికొకటి అంటుకున్నట్టు, పై సెట్టును నిలిపేది పల్చటి లాలాజలమే. అలిపిరి మెట్లెక్కేటప్పుడు నోరెండి సెట్టు వదులైనట్టనిపిస్తే గుక్కెడు నీళ్లు తాగుతూ పోండి. రోజూ వదులుగానే ఉంటే జిగురు క్రీము ఎక్కువ పూయడం పరిష్కారం కాదు. బఠాణీ గింజంత చుక్కలు మూడు నాలుగు చాలు, జింక్ లేనిది ఎంచుకోండి. జింక్ ఉన్నది ఏళ్ల తరబడి మితిమీరి వాడితే ఒంట్లో కాపర్ (రాగి లోహం) తగ్గి నరాలు దెబ్బతింటాయి. అసలు కారణం దవడ ఎముక అరగడం. కింది దవడ మరీ త్వరగా అరుగుతుంది, అందుకే కింది సెట్టే ముందు ఊగుతుంది. అప్పుడు లోపలి వైపు కొత్త పొర వేయించాలి, రీలైన్ అంటారు. దంత కళాశాలల్లో ప్రోస్థోడాంటిక్స్ (కట్టుడు పళ్ల) విభాగంలో ఈ పని చేస్తారు. మన దగ్గరైతే రేణిగుంట రోడ్డులో సీకేఎస్ తేజ కళాశాల ఉంది.

విరిగితే ఫెవిక్విక్ పెట్టకండి. ముక్కలన్నీ ఏరి డాక్టరుకివ్వండి. వెంట్రుకంత తేడాగా అతికినా రిపేరుకు పనికిరాకుండా పోతుంది. ఒరుసుకుంటోందని ఉప్పుకాగితంతో రుద్దవద్దు. డాక్టరు దగ్గరికి వెళ్లే ముందు ఒక రోజు సెట్టు పెట్టుకుని ఉంటే పుండు ఎక్కడుందో స్పష్టంగా కనిపిస్తుంది, అక్కడే సరిచేస్తారు. సరిచేయించాక కూడా రెండు వారాల్లో మానని పుండును సెట్టు వల్లేలే అని వదిలేయకుండా డాక్టరుకు మళ్లీ చూపించి, పరీక్ష చేయమని మీరే అడగండి.