మూడు వందల అడుగుల మట్టి

షికాగో నుంచి ఇంటర్‌స్టేట్ 88 మీద పడమరగా మూడు గంటలు నడిపితే మిసిసిపీ వస్తుంది. ఇల్లినాయి వైపు గట్టున మోలీన్, రాక్ ఐలాండ్ పక్కపక్కనే ఉంటాయి. మోలీన్‌లో ట్రాక్టర్ల కంపెనీ జాన్ డీర్ ప్రధాన కార్యాలయం. రాక్ ఐలాండ్‌లో 1926 నుంచి 1985 దాకా ఇంటర్నేషనల్ హార్వెస్టర్ వాళ్ల ఫార్మాల్ ట్రాక్టర్ల కర్మాగారం నడిచింది. తరతరాలుగా రైతులు జాన్ డీర్ ఆకుపచ్చ పక్షం, ఫార్మాల్ ఎర్ర పక్షం అని విడిపోయారు గానీ రెండింటికీ నది ఒకటే. నేను చూడబోయేది ఎర్రది, 1948 నాటి ఫార్మాల్ ఎం. అందుకే వంతెన ఎక్కే ముందు దాని పుట్టినూరి వీధుల్లో కాసేపు తిరిగాను.

నాతో పనిచేసే మిత్రుడి తండ్రి అయోవాలో రైతు. 74 ఏళ్లు. తన తండ్రి దున్నిన ట్రాక్టర్‌నే రెండు శీతాకాలాలు షెడ్డులో కూర్చుని లాగుడు పోటీలకి, అంటే బరువు బండిని ఎవరి ట్రాక్టర్ ఎక్కువ దూరం లాగుతుందో చూసే పోటీలకి, తయారు చేసుకున్నారు. ఆగస్టులో కౌంటీ ఫెయిర్‌లో దించుతున్నారని తెలిసి మూడు రోజులు సెలవు పెట్టాను.

నది దాటాక రెండు పక్కలా మొక్కజొన్న, సోయా. మధ్యమధ్య ధాన్యం గోదాముల పొడుగాటి బురుజులు. అంతకు మించి దారి గురించి చెప్పడానికి లేదు.

షెడ్డులో దాన్ని చూసినప్పుడు ముందు కళ్లు పడింది ఇంజన్ మీద. ఆ సంగతి పెద్దాయన పది నిమిషాల్లో ముగించేశారు. ఫార్మాల్ ఎం ఇంజన్‌కి నాలుగు సిలిండర్లు, 248 ఘనపు అంగుళాలు. సిలిండర్ల లోపలి పాత గొట్టాలు (లైనర్లు) తీసి నాలుగు అంగుళాల పిస్టన్లు పట్టేవి వేస్తే 264 అవుతుంది. 1952లో వచ్చిన సూపర్ ఎం కొలత కూడా అదే. హెడ్‌ని కొంచెం చెక్కించి కంప్రెషన్ పెంచారు. నిప్పురవ్వ పుట్టించే మాగ్నెటో పాతదే. "ఇంజన్‌కి బలం పెంచడం డబ్బుతో అయిపోతుంది. ఆ బలాన్ని మట్టికి అప్పజెప్పడమే పని," అన్నారు. సాయంత్రం దాకా మేం చేసింది ఆ పనే.

ఆయన దిగే తరగతి 5,500 పౌండ్లు, డ్రైవర్‌తో కలిపి. ట్రాక్టర్నీ ఆయన్నీ తీసేస్తే ఇనుప బిళ్లలకి నాలుగు వందల పౌండ్ల పైచిలుకు మిగులుతుంది. ఆ కాస్త బరువు ఎక్కడ వేలాడదీయాలన్నదే ప్రశ్న. ఊళ్లో లారీలు తూచే కాటా మీదికి తీసుకెళ్లి ముందు చక్రాలు విడిగా, మొత్తం విడిగా తూచాం. బిళ్ల జరపడం, మళ్లీ తూచడం. అలా ఆరుసార్లు.

ఎందుకింత పట్టింపో ఆయన నేల మీద సుద్దతో గీసి చూపించారు. గొలుసు బిగిసినప్పుడు వెనక హుక్కు మీద పడే లాగుడు ముందు చక్రాల్ని పైకి లేపబోతుంది. ముందు నుంచి తేలికైన బరువంతా వెనక టైర్ల మీదికి వస్తుంది. హుక్కు ఎంత ఎత్తుంటే అంత ఎక్కువ వస్తుంది, అందుకే చాలా క్లబ్బులు 20 అంగుళాలు దాటనివ్వవు. ముందు చక్రాలు నేలకి వేలెడు ఎత్తులో తేలుతూ పోవాలి. నేలని ఒత్తుకుంటూ పోతే ఆ బరువు వృథా. మరీ లేస్తే ప్రమాదం. ట్రాక్టర్ వెనక్కి తిరగబడి ఎంతోమంది రైతులు పోయారు. అందుకే వెనక్కి పడబోతే నేలకి ఆనే రెండు అడ్డకడ్డీలు, స్లెడ్డుకి (ట్రాక్టర్ లాగే బరువు బండికి) కట్టిన తాడుతో ఒక స్విచ్చి. ట్రాక్టర్ గొలుసు తెంచుకుపోతే తాడు స్విచ్చిని లాగేస్తుంది, ఇంజన్ ఆగిపోతుంది. ఈ రెండింటి దగ్గర మాత్రం ఆయన నన్ను చేయి పెట్టనివ్వలేదు.

చివరగా టైరు మీదా రిమ్ము మీదా కలిసేలా ఒక సుద్దగీత గీశారు. గాలి తగ్గిస్తే టైరు మట్టిని బాగా పట్టుకుంటుంది, మరీ తగ్గిస్తే రిమ్మే టైర్లో జారుతుంది. లాగాక గీత రెండు ముక్కలైతే గాలి తక్కువైందన్నమాట.

మర్నాడు ఫెయిర్. మా వైపు బండలాగుడు చూసి పెరిగినవాణ్ణి కనుక మైదానం కొత్తగా అనిపించలేదు. అక్కడ ఎడ్లకి పళ్లు లెక్కబెట్టి పాలపళ్లవి, నాలుగు పళ్లవి అని తరగతులు కడతారు, ఇక్కడ ట్రాక్టర్లని కాటా మీద విడదీస్తారు. ఇక్కడా మొదట గుర్రాలతోనే లాగించేవాళ్లు. 1929లో మిసోరీలోని బౌలింగ్ గ్రీన్, ఒహాయోలోని వాన్స్‌విల్‌లలో మోటారు ట్రాక్టర్లు పోటీకి దిగాయి. ఒకప్పుడు దారి పొడవునా నిలబడ్డ మనుషులు ఒక్కొక్కరే బల్ల మీదికి ఎక్కి బరువు పెంచేవారు. ఇప్పుడు ఆ పని స్లెడ్డు చేస్తుంది. ట్రాక్టర్ ముందుకు పోయేకొద్దీ ఇనుప పెట్టె వెనక చక్రాల మీంచి ముందుకు పాకి, నేలని రాసుకునే పలక మీద కూర్చుంటుంది. బండలాగుడులో బండ బరువు మారదు. ఇక్కడ అడుగడుగునా పెరుగుతుంది.

జాన్ డీర్ ఎ ఒకటి ముందు లాగింది. రెండే సిలిండర్లు, రెండు పేలుళ్ల మధ్య ఎడం సమానంగా ఉండదు. టప్ టప్... టప్ టప్ అని గుండె కొట్టుకున్నట్టు వినిపిస్తుంది. దాని వెనకే మా ఫార్మాల్ వంతు. గొలుసు తగిలించాక పెద్దాయన క్లచ్ ఎంత నెమ్మదిగా వదిలారంటే, చక్రం తిరగడం కన్నా ముందు గొలుసు కిర్రుమనడం వినిపించింది. వంద అడుగుల దగ్గర ముందు చక్రాలు తేలాయి. సరిగ్గా వేలెడు. నేను కంచె పట్టుకుని నిలబడ్డాను, ఊపిరి తీసుకున్న గుర్తు లేదు. 240 అడుగుల దగ్గర ముక్కు ఇంకాస్త లేచింది, అడ్డకడ్డీలు నేలని తాకాయి. తాకగానే టైర్ల మీది బరువులో కొంత వాటి మీదికి పోయింది. టైర్లు తవ్వడం మొదలుపెట్టాయి. మూడు వందల అడుగుల బాటలో 268 అడుగులు. మూడో స్థానం.

సుద్దగీత చెక్కుచెదరలేదు. గాలి సరిపోయింది.

రాత్రి షెడ్డులో ఆయన బనియన్‌తోనే ట్రాక్టర్ ముందు మోకాళ్ల మీద కూర్చున్నారు. పొద్దున కాటా మీద 5,485 వచ్చింది, అంటే కలపడానికి పదిహేను పౌండ్లే ఉన్నాయి. ముక్కు లేవకుండా ఉండాలంటే ఉన్న బిళ్లల్నే ఇంకా ముందుకు జరపాలి. నాలుగు అంగుళాలా, ఆరా అని గొణుక్కుంటూ బ్రాకెట్ నట్లు విప్పి, టేపు ఆ చివర నన్ను పట్టుకోమన్నారు.