పాట్ సమ్మిట్ పుట్టినరోజు

జూన్ 14, రాత్రి

వానకి కోర్టంతా నీళ్లు. సాయంత్రం ప్రాక్టీసు లేదు. ఇవాళ అమెరికా మహిళల బాస్కెట్‌బాల్ కోచ్ పాట్ సమ్మిట్ పుట్టినరోజు కావడంతో ఆవిడ కోచింగ్ గురించే ఆలోచిస్తూ కూర్చున్నాను.

టెనసీ యూనివర్సిటీ మహిళల జట్టుకి 38 సీజన్లు, 1,098 గెలుపులు, 208 ఓటములు, 8 జాతీయ టైటిళ్లు. ఆవిడ పేరెత్తితే అందరూ ఈ లెక్కే చెబుతారు. నేను మాత్రం 1974 దగ్గరే ఆగిపోతాను. అసిస్టెంటుగా చేరాల్సిన అమ్మాయి, ఉన్న కోచ్ సెలవు మీద వెళ్లడంతో 22 ఏళ్లకే హెడ్ కోచ్ అయింది. జీతం నెలకి 250 డాలర్లు. ఒకపక్క పీజీ చదువు, ఇంకోపక్క క్లాసులు చెప్పడం, గాయపడ్డ మోకాలిని ఒలింపిక్స్‌కి సిద్ధం చేసుకోవడం. జట్టు వ్యాను నడిపిందీ, యూనిఫారాలు ఉతికిందీ ఆవిడే. మొదటి మ్యాచ్ మెర్సర్ చేతిలో 84–83తో పోయింది. మన కాలేజీల్లో అమ్మాయిల జట్టు చూసుకునే పీడీలకి (ఫిజికల్ డైరెక్టర్లకి) ఈ పనుల చిట్టా కొత్తేమీ కాదు. 1976లో మాంట్రియల్‌లో ఆడి రజతం, 1984లో లాస్ ఏంజెలెస్‌లో కోచ్‌గా స్వర్ణం తెచ్చుకున్నారు.

అప్పట్లో టెనసీ హైస్కూళ్లలో అమ్మాయిలది ఆరుగురి ఆట. ముగ్గురు (ఫార్వర్డులు) ఒక సగంలో దాడి, ముగ్గురు (గార్డులు) రెండో సగంలో డిఫెన్స్. మధ్య గీత దాటకూడదు. గార్డుగా పెరిగిన పిల్ల మ్యాచ్‌లో ఒక్క బుట్టా వేసి ఉండదు, ఫార్వర్డుకి డిఫెన్స్‌లో కాళ్లు ఎలా కదపాలో తెలియదు. యూనివర్సిటీకి వచ్చేసరికి అయిదుగురి ఆట, పూర్తి కోర్టు. మొదటి ఏడాదంతా ఆ లోటు పూడ్చడానికే సరిపోయేది. ఈ పద్ధతి మారేదాకా సొంత రాష్ట్రం అమ్మాయిల్ని తీసుకోనని ఆవిడ బాహాటంగా చెప్పారు. 1979లో మారింది. ఆవిడ చేసిన పనుల్లో నాకు అన్నిటికన్నా పెద్దదిగా కనిపించేది ఇదే, ఎందుకంటే దీని ఫలం తన జట్టుకే కాదు, రాష్ట్రంలో ప్రతి ఆడపిల్లకీ అందింది.

ప్రాక్టీసులో అబ్బాయిల్ని ఎదురు నిలపడం ఇంకో విషయం. వాళ్లు అదే యూనివర్సిటీ విద్యార్థులు అయి ఉండాలి. రాబోయే ప్రత్యర్థి ఆడే ఆటని వాళ్లకి నేర్పి, తన మొదటి అయిదుగురి మీదకి వదలాలి. అబ్బాయిల ఎత్తుకీ వేగానికీ అలవాటుపడితే మ్యాచ్ కాస్త నెమ్మదిగా అనిపిస్తుంది. చిక్కల్లా బెంచి మీద వాళ్లతోనే. రోజంతా అబ్బాయిలే ఆడితే రిజర్వు పిల్లలకి ఆట దొరకదు, సీజన్ చివర్లో ఒకరికి గాయమైతే అప్పుడు బయటపడుతుంది ఆ లోటు. అందుకే సమయం విడగొట్టాలి.

1997–98లో 39 మ్యాచ్‌లూ గెలిచారు, ఒక్కటీ ఓడలేదు. నేర్చుకోవాలంటే మాత్రం అంతకుముందు ఏడాదిని చూడాలి. బంతిని ముందుకి తెచ్చి ఆట నడిపే పాయింట్ గార్డ్ కెల్లీ జాలీ మోకాలి లిగమెంటు సీజన్‌కి ముందే తెగింది. బంతి తెచ్చే మనిషి లేకపోతే మంచి స్కోరర్లున్నా పాసులు ఆలస్యమవుతాయి, షాట్ క్లాక్ (షాట్ వేయడానికి ఇచ్చే గడువు) అయిపోతుంది, తొందర షాట్లు పడతాయి. 10 మ్యాచ్‌లు ఓడారు. జాలీ సీజన్ మధ్యలో తిరిగొచ్చింది, ఫైనల్లో ఓల్డ్ డొమినియన్‌ని 68–59తో ఓడించారు. పది ఓటములతో టైటిల్! ఆ జట్టు వదలనివి రెండే: డిఫెన్స్, రీబౌండ్ (తప్పిన షాట్ బంతిని అందుకోవడం).

క్లాసుల సంగతీ అంతే. మొదటి మూడు వరుసల్లోనే కూర్చోవాలి, ఎగ్గొడితే ఆట లేదు. తన దగ్గర పూర్తికాలం ఆడిన ప్రతి అమ్మాయీ డిగ్రీతోనే బయటికి వెళ్లింది. 2011లో అల్జీమర్స్ అని తేలినా దాచలేదు, ఇంకో సీజన్ చేసి 2012లో తన అసిస్టెంట్ కోచ్ హోలీ వార్లిక్‌కి అప్పగించారు. 2016లో పోయారు.

రేపు కోర్టు ఆరితే మా పిల్లలకి బాక్స్ అవుటే, అంటే రీబౌండ్ కోసం ప్రత్యర్థిని వీపుతో అడ్డుకోవడం. షాట్ చేతి నుంచి వదలగానే బంతిని కాదు, మనిషిని చూడాలి. ముంజేతితో తాకాలి, తిరగాలి, నడుము దించి వీపుతో ఆపాలి, ఆ తర్వాతే బంతికి ఎగరాలి. తాకకుండా తిరిగితే ప్రత్యర్థి బేస్‌లైన్ (రింగు వెనక గీత) పక్కనుంచి జారుకుంటుంది. చేతులతో పట్టుకుంటే ఫౌల్. రింగు కిందే నిలబడితే బంతి తలమీదుగా పోతుంది, మూడు నాలుగు అడుగులు బయటే ఉండాలి. దూరం షాట్లు దూరంగానే పడతాయి గనక గార్డులు (రింగుకి దూరంగా ఆడేవాళ్లు) ముందే అవతలి రింగు వైపు పరుగు తీయకూడదు. ఎక్కువగా జరిగే తప్పు ఇదే.

ముగ్గురికి ముగ్గురు, వరసగా మూడు డిఫెన్స్ రీబౌండ్లు తెస్తేనే బయటికి. ఒక్కటి దాడివాళ్లకి పోతే లెక్క మళ్లీ సున్నా. పన్నెండు నిమిషాలు చాలు, ఆపైన కాళ్లు అలిసి తాకడం మానేసి నిలబడిపోతారు. షాట్లు ఎక్కువగా మూలలనుంచి వేయించాలి. అవి తప్పితే తరచూ అవతలి వైపుకే వెళతాయి, అక్కడున్న పిల్లే ఎక్కువగా ఏమరుపాటుగా ఉండేది.